డల్లాస్ నుంచి న్యూజెర్సీకి కారులో పిస్టల్: టెక్సాస్ లైసెన్స్ దారంతా చెల్లుతుందా?

హన్మకొండ రిటైర్డ్ సార్:
మా పెద్దోడికి గ్రీన్ కార్డు ఉంది. డల్లాస్‌లో పిస్టల్ వెంట ఉంచుకునే టెక్సాస్ లైసెన్స్ తీసుకుని పిస్టల్ కొన్నాడు. ఇప్పుడు న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది. ఎస్‌యూవీలో సామాను వేసుకుని బయల్దేరుతున్నాడు. తోడుగా రూమ్మేట్ వస్తాడు, అతనిది హెచ్-1బీ. పిస్టల్ ఎక్కడ పెడతావురా అంటే, "డ్యాష్‌బోర్డు అరలో. లైసెన్స్ ఉంది కదా నాయనా" అంటాడు. మా నాయనకు సింగిల్ బ్యారల్ తుపాకీ ఉండె. ఎలక్షన్లు వస్తే స్టేషన్‌లో జమ చేసి, రసీదు ట్రంకుపెట్టెలో దాచేవాడు. ఆ తతంగమంతా చూసినోణ్ణి, వీడి మాటలకు నాకు నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కరీంనగర్ తమ్ముడు:
టెన్షన్ వద్దు అంకుల్. డ్రైవింగ్ లైసెన్స్ దేశమంతా చెల్లుతుంది, ఇదీ అంతే.

జనగామ, ప్రస్తుతం ఎడిసన్:
అంతే కాదు తమ్మీ, ఇట్లాంటి సలహాలతోనే మనోళ్లు ఇరుక్కుంటారు. అన్ని స్టేట్లూ ఒకరి లైసెన్స్ ఒకరు ఒప్పుకోవాలని 2017లో ప్రతినిధుల సభ బిల్లు పాస్ చేసింది, సెనేట్‌లో ఆగిపోయింది. కాబట్టి ఏ స్టేట్ ఇష్టం దానిది. అర్కాన్సా, టెన్నెసీల్లో టెక్సాస్ లైసెన్స్ నడుస్తుంది. మేరీలాండ్‌లో నడవదు. ఐ-81 హైవే మీద పోతే మేరీలాండ్ ఓ ఇరవై కిలోమీటర్లే, కానీ ఆ ముక్కలో కూడా చట్టం వాళ్లదే. న్యూజెర్సీలోనూ నడవదు.

అంకుల్, మీవాడికి ఆసరా 1986 నాటి కేంద్ర చట్టం ఒక్కటే. బయల్దేరే చోటా, చేరే చోటా తుపాకీ ఉంచుకునే, వెంట తీసుకెళ్లే హక్కు ఉంటే, మధ్యలో స్టేట్లు దాటొచ్చు. తూటాలు తీసేయాలి. తుపాకీ, తూటాలు రెండూ సీట్లో కూర్చుంటే చేతికి అందకూడదు. ఎస్‌యూవీకి వేరే డిక్కీ లేదు కాబట్టి తాళం వేసిన పెట్టె కావాలి. డ్యాష్‌బోర్డు అరకు తాళం ఉన్నా లెక్కలోకి రాదని చట్టంలోనే రాశారు.

దారిలో హోటల్ మకాం కూడా చూసుకోవాలి. 2005లో యూటా ఆయన ఒకరు ఇక్కడి న్యూజెర్సీ నెవార్క్‌లో విమానం తప్పి, తుపాకీ ఉన్న బ్యాగుతో హోటల్‌కు పోయి, మర్నాడు ఎయిర్‌పోర్టులో అరెస్టయ్యాడు. రాత్రి బ్యాగు చేతికందేలా ఉంది కాబట్టి ఈ చట్టం కాపాడదని 2010లో అప్పీలు కోర్టు తేల్చింది.

ఇంకొకటి, న్యూజెర్సీలో పది తూటాలకు మించి పట్టే మ్యాగజైన్ ఉండకూడదు. పదిహేను, పదిహేడు పట్టేవి ఉంటే డల్లాస్‌లోనే వదిలించుకోమనండి.

హన్మకొండ రిటైర్డ్ సార్:
మరి ఆ రూమ్మేట్ నడిపితే?

జనగామ, ప్రస్తుతం ఎడిసన్:
హెచ్-1బీ వాళ్ల దగ్గర తుపాకీ ఉండటమే కేంద్ర చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, వాటిని నమ్ముకోవద్దు. పెట్టె తాళంచెవి మీవాడి జేబులోనే ఉండాలి. వాడు కారు దిగి ఎటైనా పోతే పిస్టల్‌ను ఆ పిల్లాడికి అప్పగించొద్దు. చేరే చోట ఆ హక్కు ఉన్నట్టేనా అని బయల్దేరేలోపు న్యూజెర్సీ లాయర్‌తో ఒకసారి మాట్లాడమనండి, కొత్తగా వచ్చేవాళ్లకు ఇక్కడ వేరే కాగితాలు ఉంటాయి.