సమస్యాపూరణం: "ఆడకుండనె యోడిరి యాడువారు"

నిర్వాహకులు:
మిత్రులందరికీ నమస్కారం. చివరి పాదం నేనిస్తాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. ఈ వారం పాదం తేటగీతి ఛందస్సులో ఉంది, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో దానికి చెల్లే అక్షరం రావడం) కూడా పాదంలోనే కుదిరి ఉంది, కాబట్టి ఆ టెన్షన్ పెట్టుకోకండి.

ఆడకుండనె యోడిరి యాడువారు

షరతు ఒకటే. పూరణలో మన భారత మహిళల ఫుట్‌బాల్ జట్టు కథ రావాలి. క్రికెట్ మీద ఇక్కడ ఎన్ని పద్యాలు వచ్చాయో మీకు తెలుసు, ఈ జట్టు మీద మాత్రం ఒక్కటీ రాలేదు. 1975లో మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడిన దగ్గర్నుంచీ లెక్కేసుకున్నా అర్ధ శతాబ్దపు కథ ఉంది, అందులో ఈ పాదానికి సరిపోయే ఘట్టాలు ఒకటి కాదు చాలా ఉన్నాయి, వెతకండి. ఆడవాళ్ళను తక్కువ చేసే చమత్కారాలు మాత్రం పంపకండి, ఉంచను.

పాలమూరు పద్యం:
నా పూరణ. 2022 జనవరి, నవీ ముంబయి, ఆసియా కప్.

కప్పు మనయింట జరుగగ కాచుకొనిరి
తైపె జట్టును ఢీకొన తరుణులెల్ల
సోకె నంతఁ గరోనయె చొచ్చి విడిది
యాడకుండనె యోడిరి యాడువారు

నిర్వాహకులు:
బాగుంది. యతులు నాలుగూ శుద్ధంగా ఉన్నాయి, 'అంతఁ గరోన' దగ్గర 'క'ను 'గ' చేసే సరళాదేశం కూడా చక్కగా పాటించారు. అభినందనలు.

పాత బంతి:
పద్యం బాగుంది గానీ చిన్న సందేహం అండీ. ఆ టోర్నీలో మనవాళ్ళు అసలు ఆడనే లేదనడం సరికాదు కదా. జనవరి 20న ఇరాన్‌తో ఆడి 0-0 డ్రా చేసుకున్నారు. 23న చైనీస్ తైపేతో మ్యాచ్‌కే కనీసం 13 మందిని చూపించలేక పోటీలోంచే బయటికి వెళ్ళాల్సి వచ్చింది.

పాలమూరు పద్యం:
నిజమే, కానీ బయటికి వెళ్ళాక ఏం జరిగిందో చూడండి. నిబంధన ప్రకారం ఇరాన్‌తో ఆడిన ఆటను కూడా రద్దు చేశారు. తొంభై నిమిషాలు పరుగెత్తి గోల్ పడకుండా కాపాడుకున్న ఆట పట్టికలో లేకుండా పోయింది. ఆడినది కూడా ఆడనట్టే అయితే ఇక ఈ పాదం కాక ఇంకేం సరిపోతుంది? పైగా ఆ కప్పే 2023 ప్రపంచకప్‌కు దారి. సొంతగడ్డ మీద వచ్చిన అవకాశం, ఓడిపోయి పోగొట్టుకుని ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

నిర్వాహకులు:
ఈ సమాధానంతో పూరణకు బలం పెరిగింది. తర్వాతి వారు.

ఫ్రిస్కో పంతులు:
నేను 2009 తీసుకున్నాను. ఏడాదిన్నరకు పైగా ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడించకపోవడంతో ఫీఫా ర్యాంకుల పట్టికలోంచి మన జట్టు పేరు తీసేశారు.

పోటి లేదాయె నెలలెన్నొ పొరలిపోయె
ఫీఫ పట్టిక నుండియే పేరు తొలగె
నెవరి తప్పది పిలుపు రాదెవరికైన
నాడకుండనె యోడిరి యాడువారు

ముచికుంద:
మూడో పాదంలో 'రాదు' అన్నారు, జరిగిపోయిన విషయానికి 'రాలేదు' అనాలి గదా?

నిర్వాహకులు:
అక్కడ 'రాదు' ఉండటమే నయం. ఒక్కసారి రాకపోవడం కాదు, ఎప్పుడూ రాకపోవడం అది. 'ఎవరి తప్పది' అని అడిగి జవాబు చెప్పకుండా వదిలేయడం నాకు నచ్చింది, తప్పు క్రీడాకారిణులది కాదని పాఠకుడికే తెలిసిపోతుంది.

పాత బంతి:
నా వంతు. మీరిద్దరూ ఆడనివ్వని రోజులు రాశారు, నేను ఆడిన రోజులు రాస్తాను. 1980లో కాలికట్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ జరిగితే మనం రెండు జట్లను దింపాం, అందులో ఒకటి ఫైనల్ దాకా వెళ్ళి చైనీస్ తైపే చేతిలో ఓడింది. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ ఫైనల్, ఈసారి థాయ్‌లాండ్ మీద. ఆ ఏడాదే శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది, మహిళా ఫుట్‌బాల్‌లో మొదటి అర్జున ఆమెదే. ఆసియాలో రెండో స్థానం అంటే మాటలు కాదు, ఆ మాట ఇప్పుడు ఎంతమందికి గుర్తుంది చెప్పండి.

కాలికట్టున ఫైనలు గడప తొక్కి
మరల బ్యాంకాకులో నిల్చి మగువలాడి
చివర నోడిన నోడిరి చెప్పె నెవరు
ఆడకుండనె యోడిరి యాడువారు

నిర్వాహకులు:
సమస్యను అవతలివాడి నోట పెట్టి దాన్నే ఖండించడం పాత పద్ధతే, అయినా ఇక్కడ కొత్తగా ఉంది, ఎందుకంటే ఖండించడానికి మీ దగ్గర ఆధారం ఉంది. 'ఫైనలు గడప తొక్కి' మంచి మాట. ఒక్క దోషం. 'ఎవరు' తర్వాత 'ఆడకుండనె' వస్తే ఉత్వసంధి నిత్యం, విడిగా ఉంచడానికి వీల్లేదు. మూడో పాదం చివర 'చెప్పనేల' అనండి, నాలుగోది 'యాడకుండనె' అవుతుంది. యతీ చెడదు, ఎవరో ఒకరిని వేలెత్తి చూపడం కన్నా 'ఆ మాట అనడం దేనికి' అన్న ధోరణి పద్యానికి హుందాగా ఉంటుంది.

పాత బంతి:
సంతోషం గురువుగారూ, అలాగే మారుస్తున్నాను. ఒక్క మాట మాత్రం ఇక్కడే చెప్పాలి. ఆ ఫైనళ్ళు ఆడిన రోజుల్లో మహిళల ఆట వేరే సమాఖ్య కింద ఉండేది. 1990ల మొదట్లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య చేతికి వచ్చింది. పెద్ద గొడుగు కిందికి వస్తే ఆట పెరగాలి కదా, కానీ ఫ్రిస్కో పంతులు గారు రాసిన 2009 వచ్చింది ఆ గొడుగు కిందే. జాతీయ స్థాయి మహిళల లీగ్ మొదలవడానికి 2016-17 సీజన్ దాకా ఆగాల్సి వచ్చింది. అదే నా బాధ. చైనా, జపాన్ ఎదిగిన ఆ పాతికేళ్ళలో మన అమ్మాయిలకు ఏడాది పొడవునా ఆడే లీగ్ లేదు.

కొత్త కలం:
నమస్కారం, ఈ వేదికలో ఇదే నా మొదటి పూరణ. 2022 ఆగస్టులో ఫీఫా మన సమాఖ్యను సస్పెండ్ చేసినప్పుడు గోకులం కేరళ క్లబ్ అమ్మాయిలు ఆసియా క్లబ్ పోటీ కోసం అప్పటికే తాష్కెంట్ వెళ్ళిపోయారు.

పోయి తాష్కెంటు చేరిరి పోటి కొఱకు
ఫీఫ వేసిన వేటుతో గేటు మూసె
బూట్లు సంచిలో నుంచుక పోరు లేక
యాడకుండనె యోడిరి యాడువారు

నిర్వాహకులు:
స్వాగతం. 'బూట్లు సంచిలో నుంచుక' అన్నచోట దృశ్యం కళ్ళకు కట్టింది. 'వేటుతో గేటు' చెవికి ఇంపుగా ఉంది గానీ రెండో పాదంలో యతి తప్పింది, 'ఫీ'కి 'గే' చెల్లదు, రెండో అక్షరాలు కలిసే ప్రాసయతి కూడా లేదు. 'ఫీఫ వేసిన వేటుతో పిలుపు పోయె' అంటే సరిపోతుంది. ఇది క్లబ్ జట్టు, జాతీయ జట్టు కాదు, షరతుకు కొంచెం పక్కన ఉంది. అయినా ఆ సంచుల్లో బూట్లు పెట్టుకున్న వాళ్ళలో జాతీయ జట్టుకు ఆడినవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఉంచుతున్నాను.

ముచికుంద:
సస్పెన్షన్ 15న మొదలై 26న ఎత్తేశారు. పన్నెండు రోజులు కూడా లేదు. వీళ్ళ పోటీ సరిగ్గా ఆ మధ్యలోనే పడింది. పెద్దల తగాదా పెద్దలు తీర్చుకున్నారు, నష్టం వీళ్ళకు మిగిలింది.

ఇందూరు ఆడబిడ్డ:
అందరూ పెద్ద పోటీల గురించి రాశారు. నేను మా ఊళ్ళ గురించి రాస్తాను. మ్యాచ్ దాకా రాని పిల్లలు ఎంతమందో.

బడికి పంపుటె యెక్కువ బంతి యేల
యనుచు నింటిలో నాపిన నణగి మణగి
తమ్ములాడగ గట్టున తాము నిలిచి
యాడకుండనె యోడిరి యాడువారు

ఫ్రిస్కో పంతులు:
అమ్మా, ఇది పద్యం.

పాలమూరు పద్యం:
మూడో పాదం దగ్గర ఆగిపోయాను. మా అక్క అలా నిలబడేది, నేను ఆడేవాణ్ణి.

నిర్వాహకులు:
మొదటి పాదం అచ్చంగా ఇంట్లో వినిపించే మాట, ఒక్క అక్షరం కూడా ఛందస్సు కోసం పెట్టినట్టు లేదు. 'అణగి మణగి' అన్న జంటపదం సూర్యగణాల్లో ఇంత సహజంగా ఇమడటం అరుదు. నేను దిద్దవలసింది ఏమీ లేదు. ఇక్కడ ఎవరినీ తిట్టలేదు, అది గమనించండి. బడికి పంపడమే గొప్ప అనుకున్న ఇంటి పరిస్థితీ అందులోనే ఉంది.

ఇందూరు ఆడబిడ్డ:
ధన్యవాదాలు సార్. గట్టు దిగి ఆడిన పిల్ల కూడా మా జిల్లాలో ఉంది, సౌమ్య గుగులోత్. గోకులం కేరళకు ఆడింది, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు వెళ్ళింది, ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది, 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు తీసుకుంది. మన రెండు రాష్ట్రాల్లో ఎంతమంది ఇళ్ళలో ఆ పేరు తెలుసు? జట్టు నిండా మణిపూర్ అమ్మాయిలే ఎందుకు ఉంటారని అడుగుతుంటారు. అక్కడ ఆడపిల్ల బంతి పట్టుకుని బయటికి వెళ్తే వింతగా చూడరు కాబట్టి. బెంబెం దేవి, బాలా దేవి, ఆశాలతా దేవి అందరూ అక్కడివాళ్ళే. బాలా దేవి 2020లో స్కాట్లాండ్ వెళ్ళి రేంజర్స్ క్లబ్‌కు సంతకం చేసింది.

ముచికుంద:
నాది చివరిది. 2025 జులై 5, థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయి. ఆసియా కప్ క్వాలిఫయర్ల గ్రూపులో మంగోలియాను 13-0తో, తిమోర్ లెస్తెను 4-0తో, ఇరాక్‌ను 5-0తో కొట్టాక థాయ్‌లాండ్‌తో తేల్చుకోవాల్సిన మ్యాచ్. 2-1తో గెలిచాం, రెండు గోల్స్ కూడా సంగీతా బాస్ఫోరే వేసింది. క్వాలిఫయర్లు ఆడి ఆసియా కప్‌కు అర్హత సాధించడం మన జట్టుకు అదే మొదటిసారి.

థాయి గడ్డను మన జట్టు దర్ప మొప్ప
గోలు రెండును సంగీత కొట్టగానె
వారి మైదానమందున వారె మాట
లాడకుండనె యోడిరి యాడువారు

పాత బంతి:
అబ్బా! 1983లో బ్యాంకాక్‌లో ఓడించింది ఈ థాయ్‌లాండే.

కొత్త కలం:
'మాటలాడకుండనె' అని విరిచారు చూడండి! ఓడినవాళ్ళే మారిపోయారు.

ఫ్రిస్కో పంతులు:
విరుపు అద్భుతం, ఒప్పుకుంటాను. మొదటి పాదంలో 'దర్పమొప్ప' మాత్రం నాకు పొసగలేదు. ఆ రోజు మనవాళ్ళు దర్పంగా ఆడలేదు. రెండో సగం మొదట్లోనే థాయ్‌లాండ్ స్కోరు సమం చేసింది, అప్పట్నుంచి సంగీత రెండో గోల్ దాకా మన కాళ్ళూ చేతులూ ఆడలేదు. 'ధైర్య మొప్ప' అంటే?

నిర్వాహకులు:
'ధైర్య మొప్ప' గణాలకూ యతికీ సరిపోతుంది, 'థా'కు 'ధై' చెల్లుతుంది. అర్థానికీ అదే మేలు. ముచికుంద గారూ, మార్చుకోండి. ఈ వారం ఉత్తమ పూరణగా ఇందూరు ఆడబిడ్డ గారిది తీసుకుంటున్నాను, విరుపుకు ముచికుంద గారిది.

వచ్చే వారం పాదం, గోల్‌కీపర్ల కోసం:

గోలు వేయని దానికే గొప్ప బిరుదు