తిరుపతిలో సొంతిల్లు: ముందు అప్పు తీర్చాలా, ఏటా కొంత ఇల్లు బాగుచేసుకోవాలా?

జాజిపందిరి:
తుమ్మలగుంట దగ్గర మూడేళ్ల క్రితం పాత ఇల్లు కొన్నాం. 20 లక్షల గృహరుణం, 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు, నెలకు 17 వేల పైచిలుకు వాయిదా. ఇద్దరి జీతాలూ కలిపి 84 వేలు. వాయిదా, పాప చదువు, అత్తగారి మందులు, ఇంటి ఖర్చులు, పీపీఎఫ్, సిప్ పొదుపులు అన్నీ పోను నెలకు 12 వేలు మిగులుతున్నాయి. మావారు 50 ఏళ్లకు ఉద్యోగం మానేయాలని పట్టుదలగా ఉన్నారు. ఆ 12 వేలు కూడా అప్పుకే కట్టాలంటారు.

ఇల్లు చూస్తే వంటగది కప్పు వానకు కారుతోంది. వంటగట్టు 29 అంగుళాల ఎత్తే ఉంది. పాతవాళ్లు గచ్చు తవ్వకుండా దాని మీదే కొత్త టైల్స్ పరిచారు, అలా ఎత్తు తగ్గిపోయింది. నాకు వంగితే తప్ప గిన్నె అందదు. స్నానాలగదిలో పైపు గోడ లోపలే చెమ్మగిల్లుతోంది. ముందు గేటు ఒక్కటే పోయిన ఏడాది మార్చాం, 85 వేలు అయింది. మిగతావి ఏటా ఒకటి చొప్పున చేయించుకుందామని నేను, అప్పు తీరాకే అని ఆయన. మీరేమంటారు?

లెక్కప్రకారం:
మీవారి లెక్కే సరైనది మేడమ్. అంకెలతోనే చెబుతాను. ఇదే అప్పులో ఇప్పుడు ఒక లక్ష అదనంగా కట్టి, వాయిదా మార్చకుండా గడువు తగ్గించమని అడగండి. చివరి 22 వాయిదాలు ఎగిరిపోతాయి. లక్ష కట్టినందుకు దాదాపు 2.9 లక్షల వడ్డీ మిగులుతుంది. మారే వడ్డీ మీద తీసుకున్న గృహరుణాన్ని ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే చెప్పింది. పీపీఎఫ్ మీద 2020 ఏప్రిల్ నుంచి వస్తున్నది 7.1 శాతమే. 8.5 శాతం అప్పు తీర్చడమంటే ఏ రిస్కూ లేకుండా 8.5 శాతం సంపాదించడమే.

ఇక 50కి మానేయడం గురించి. ఏడాది ఖర్చుకు 25 రెట్లు చేతిలో ఉండాలంటారు. 1994లో అమెరికా ఆర్థిక సలహాదారు విలియం బెంగెన్ రాసిన 4 శాతం లెక్క నుంచి, అంటే మానేసిన మొదటి ఏడాది దాచినదాంట్లో 4 శాతమే తీసి, తర్వాత ధరలను బట్టి పెంచుకోవాలన్న లెక్క నుంచి వచ్చింది అది. నెలకు 40 వేల ఖర్చయితే 1.2 కోట్లు కావాలి. ఇంటి మీద పెట్టే ప్రతి రూపాయీ ఆ రోజును వెనక్కు నెడుతుంది. వంటగట్టు ఇన్నేళ్లూ అలాగే ఉంది, ఇంకో ఏడెనిమిదేళ్లు ఉంటే కొంప మునగదు.

బైరాగిపట్టెడ:
గేటుకు 85 వేలా?

మేస్త్రిగారబ్బాయి:
నేనూ అదే అడగబోయాను. గేటు కిలోల లెక్కన చేస్తారు. మామూలు పది అడుగుల గేటయితే అందులో సగం కూడా కాకూడదు. లేజర్ కటింగ్ డిజైన్ పెట్టించారా?

జాజిపందిరి:
అవును, డిజైనే. దాని సంగతి వదిలేయండి, అయిపోయింది.

ఎండకాపు:
తిరుపతి ఎండకు వీటన్నిటికంటే ముందు మేడ మీద సోలార్ పలకలు వేయించుకోవాలి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78 వేలు రాయితీ వస్తుంది. కరెంటు బిల్లు తగ్గితే ఆ మిగులు అప్పుకు కట్టుకోవచ్చు, ఇద్దరి మాటా నెగ్గుతుంది.

మేస్త్రిగారబ్బాయి:
కారే మేడ మీద సోలార్ పలకలా! స్టాండు కాళ్లు బిగించాక కింద కారుతోందంటే అన్నీ విప్పదీయాలి. ముందు నీళ్లు ఆపాలి.

అందరికీ ఒక మాట. కప్పు కారడం అందచందాల విషయం కాదు. నీళ్లు స్లాబులోకి దిగితే లోపలి చువ్వలు తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే కాంక్రీటు లోపలి నుంచి పగిలి పెచ్చులు రాలతాయి. ఈ దశలో అయితే వాటం సరిచేసి పైన పూత వేస్తే సరిపోవచ్చు. చువ్వలు బయటపడ్డాక చేయించాలంటే అది వేరే పని, వేరే ఖర్చు. 2021 నవంబరు వానల తర్వాత మా నాన్న వెళ్లిన ఇళ్లలో చాలావాటి పరిస్థితి ఇదే. ‘వచ్చే ఏడాది చూద్దాం’ అని ఏళ్ల తరబడి వదిలేసినవే అన్నీ.

లెక్కప్రకారం:
కారే కప్పు బాగుచేయించవద్దని నేను ఎక్కడన్నాను? అది మరమ్మతు. వంటగట్టు మార్చడం సోకు. రెండింటికీ తేడా తెలియకుండా మాట్లాడితే ఎలా?

కొర్లగుంట_అక్క:
‘ఇంటి మీద పెట్టే ప్రతి రూపాయీ’ అని రాసింది మీరే, పైకి వెళ్లి చదువుకోండి. మరమ్మతును మినహాయించినట్టు అందులో లేదు.

ఇంకో సంగతి. 29 అంగుళాల గట్టు దగ్గర రోజూ మూడు పూటలా వంగి నిలబడేవాళ్లకు అది సోకని చెప్పడానికి మీరెవరు? మీ ఇంట్లో గట్టు ఎంత ఎత్తుందో కొలిచి చెప్పండి.

లెక్కప్రకారం:
నా ఇంటి గట్టుకూ ఈ చర్చకూ సంబంధం లేదు.

కొర్లగుంట_అక్క:
ఉంది. కొలిచి చెప్పండి.

చీటీపాట:
రిజిస్టరయిన చోట నెలకు 5 వేల చీటీ వేసుకోండి. అవసరం ఉన్న ఏడాది పాడుకుని పని చేయించుకోండి. మా ఇంట్లో కింద పరిచిన బండల నుంచి మేడ మెట్ల దాకా అన్నీ చీటీ డబ్బుతోనే అయ్యాయి.

లెక్కప్రకారం:
తొందరపడి పాడుకుంటే పోయే తగ్గింపును వడ్డీగా మార్చి చూశారా ఎప్పుడైనా?

చీటీపాట:
చూడలేదు. మెట్లు మాత్రం ఉన్నాయి.

సున్నపువీధి:
25 రెట్ల లెక్కలో ఒక లొసుగు ఉంది. నెలకు 40 వేలు అంటున్నది మరమ్మతులన్నీ వాయిదా వేస్తున్నప్పటి ఖర్చు. కప్పు, పైపులు, రంగులు, మోటారు మార్చడం ఏవీ అందులో లేవు. ఉద్యోగం మానేసిన మరుసటి ఏడాదే ఇవన్నీ ఒకేసారి మీద పడితే 1.2 కోట్లలో మొదటే చిల్లు. పైగా బెంగెన్ లెక్క అమెరికా మార్కెట్ల చరిత్ర మీద, 30 ఏళ్ల పదవీ విరమణ కోసం వేసింది. 50కి మానేసి 85 దాకా బతికేవాళ్లకు, అదీ మన ధరల పెరుగుదలతో, యథాతథంగా పనికిరాదు.

లెక్కప్రకారం:
మంచి ప్రశ్న. నెలకు 3 వేలు మరమ్మతుల కింద కలపండి, లక్ష్యం 1.29 కోట్లవుతుంది. లెక్క మారింది, పద్ధతి మారలేదు. నేను చెప్పేది క్రమశిక్షణ గురించి.

‘ఏటా కొంచెం’ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. చిత్తూరులో మా నాన్న అలాగే కట్టారు. ఒక ఏడాది పిట్టగోడ, ఒక ఏడాది పోర్టికో, ఇంకో ఏడాది పూజగదికి పాలరాయి. నాకు ఇంజినీరింగ్ సీటు వచ్చిన ఏడాది పై అంతస్తు స్లాబు పోశారు. ఫీజుకు డబ్బు లేదన్నారు, డిగ్రీలో చేరాను. తర్వాత అన్నదమ్ములు పంచుకుని ఆ ఇల్లు అమ్మేశారు. కొన్నవాళ్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. పాలరాయికి పైసా రాలేదు. ఇల్లు ఎప్పుడూ ‘ఇక చాలు’ అనదు.

బైరాగిపట్టెడ:
ఈ మాట మాత్రం నిజం.

కొర్లగుంట_అక్క:
మీకు జరిగింది అన్యాయమే, కాదనను. కానీ మీ నాన్నగారు పోర్టికో కట్టించిన డబ్బుతో మీ అమ్మగారు వంటగట్టు అడిగారా? ఆవిడ అడిగినవి ఏమైనా జరిగాయా? మీ జాబితాలో పిట్టగోడ, పోర్టికో, పాలరాయి, స్లాబు ఉన్నాయి. వంటగది లేదు.

నాది ఇంకో కథ. మావారు ప్రతిదానికీ ‘రిటైరయ్యాక’ అనేవారు. గ్రాట్యుటీ వచ్చింది, వంటగది బ్రహ్మాండంగా చేయించారు, చిమ్నీతో సహా. అప్పటికి నా మోకాళ్లు పోయాయి. ఇప్పుడు అందులో వంటమనిషి వండుతుంది, నేను హాల్లో కూర్చుని ఉప్పెంత వేయాలో చెబుతాను. ఆ డబ్బులో నాలుగో వంతు పదేళ్ల ముందు పెట్టి ఉంటే ఏ 25 రెట్లు తగ్గిపోయేవి?

లెక్కప్రకారం:
మా అమ్మను ఈ చర్చలోకి లాగొద్దు. మీవారి మీద కోపం మామీద తీర్చుకోవడం ఏమిటి? అంకెలకు అంకెలతో జవాబివ్వలేక ఏడుపులు తెస్తున్నారు.

కొర్లగుంట_అక్క:
మీ ఇంజినీరింగ్ సీటు అంకె, నా మోకాళ్లు ఏడుపా?

నిర్వాహకుడు:
వ్యక్తిగత వ్యాఖ్యలు ఆపండి. గేటు ధర గురించి మాట్లాడాలనుకునేవారు వేరే చర్చ మొదలుపెట్టుకోవచ్చు.

జాజిపందిరి:
రెండు రోజులుగా చదువుతున్నాను. గేటు సంగతి వదిలేయమన్నాను కానీ, ఇప్పుడు చెప్పాలనిపిస్తోంది. మా ఆడపడుచును చూసుకోవడానికి పెళ్లివారు మా ఇంటికే వస్తారని తేలగానే గేటు మారింది. ఆ నెల అప్పుకు అదనంగా ఏమీ కట్టలేదు, దాచిన డబ్బు కూడా తీశారు. ఏ లెక్కా అడ్డురాలేదు. నేనూ ఏమీ అనలేదు, ఆడపిల్ల పెళ్లి కదా అని. అంటే ఇంటి మీద ఖర్చు పెట్టకూడదన్న నియమం మా ఇంట్లో లేదు. వీధికి కనిపించేవాటికి డబ్బు దొరుకుతుంది, నేను నిలబడే చోటికి దొరకదు.

ఇంకొకటి. 50కి మానేయాలన్నది ఆయన కోరిక. నన్నెవరూ అడగలేదు. నాకు మా ల్యాబులో పని ఇష్టం, ఓపిక ఉన్నంత కాలం చేస్తాను. ఆయన మానేశాక కూడా పొద్దున్నే లేచి ఆ గట్టు దగ్గర వంగి వండి, బాక్సు కట్టుకుని బస్సెక్కేది నేనే.

సున్నపువీధి:
దీన్ని మొదటి పోస్టులోనే రాసి ఉంటే ఇంత రభస ఉండేది కాదు.

లెక్కప్రకారం:
గేటు విషయంలో మీవారు చేసింది తప్పు. ఒక తప్పు జరిగిందని ఇంకో ఖర్చు చేయమనడం మాత్రం తర్కం కాదు. ఆయనతో కూర్చుని లక్ష్యం మళ్లీ రాసుకోండి. మీరు పని కొనసాగిస్తే మీ జీతంలోంచే ఇంటి ఖర్చులో చాలా భాగం గడుస్తుంది, అప్పుడు 1.2 కోట్లు అక్కర్లేదు, ఇంకా ముందే ఆయన మానేయవచ్చు.

కొర్లగుంట_అక్క:
ఈయన మానేయడానికి ఆవిడ జీతం పనికొస్తుంది, గట్టుకు మాత్రం పనికిరాదు. భలే.

లెక్కప్రకారం:
నేను అలా అనలేదు.

జాజిపందిరి:
ఆయనకు ఈ చర్చ చూపించాను. లెక్కప్రకారం గారి మొదటి సమాధానం చదివి, ‘చూశావా’ అని ఫోను తిరిగి ఇచ్చేశారు. కిందివి చదవలేదు.

మేడ పని ఈ ఏడాది నా జీతంలోంచి చేయిస్తాను. ఆ మాట చెప్పేశాను కూడా. గట్టు సంగతి పై ఏడాది. మిగిలితే అప్పుకు కడతాను, లేకపోతే లేదు. మేస్త్రిగారబ్బాయి గారూ, ఎప్పుడు మొదలుపెడితే మంచిది?

లెక్కప్రకారం:
జీతాలు విడదీస్తే ఇద్దరూ నష్టపోతారు. ఉమ్మడి లెక్క లేకుండా ఏ లక్ష్యమూ చేరలేరు.

సున్నపువీధి:
ఉమ్మడి లెక్క ఇంతవరకూ ఉందా అన్నదే కదా ఆవిడ అడుగుతున్నది.

మేస్త్రిగారబ్బాయి:
మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వర్షాలు మొదలయ్యే ముందే, సెప్టెంబరు మొదటి వారానికల్లా పని ముగిసేలా చూసుకోండి. ముందు పాత పూత గీకించి పగుళ్లు పూడ్పించండి. వాటం పది అడుగులకు అంగుళంన్నర దాకా ఉండాలి, నీళ్లు గొట్టం వైపే పోవాలి. పూత ఆరాక గొట్టం నోరు మూసి మేడ మీద రెండు రోజులు నీళ్లు నిలబెట్టించండి. కింద తడి కనిపించకపోతేనే మిగతా కూలి ఇవ్వండి. స్నానాలగది పైపు కూడా అదే మనుషులతో చూపించండి, మళ్లీ పిలిస్తే మళ్లీ రోజు కూలి అడుగుతారు.

ఎండకాపు:
ఆ తర్వాత సోలార్ పలకలు వేయించవచ్చు కదా?

మేస్త్రిగారబ్బాయి:
ఒక వానాకాలం చూసి.