రాత్రిపూట లాడ్ బజార్‌లో ఫోటోలు: డి5600 మార్చాలా, లెన్స్ కొంటే సరిపోతుందా?

గల్లీ_క్లిక్స్:
అందరికీ నమస్తే. నా దగ్గర నికాన్ డి5600, దాంతో వచ్చిన 18-55 ఏఎఫ్-పి కిట్ లెన్స్ ఉన్నాయి, ఇంకేం లేవు. పగలు గోల్కొండలో, కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర తీసినవి చాలా బాగా వస్తాయి, గోడల మీద గచ్చు పని గీతలతో సహా కనబడుతుంది. ఇబ్బందంతా రాత్రే. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టూ తిరుగుతూ ఫోటోలు తీయడం నాకు చాలా ఇష్టం, ముఖ్యంగా లక్క గాజులు చేసేవాళ్లవి ఒక సిరీస్‌లా తీయాలని ఉంది. మూడు ఫోటోలు పెడుతున్నా, చూసి చెప్పండి.

ఫోటో 1: లాడ్ బజార్ పక్క సందులో ఒక చిన్న గది, ఒకటే బల్బు. పెద్దాయన కుంపటి ముందు కూచుని వేడి లక్క మీద రాళ్లు అద్దుతున్నాడు. జూమ్ 55 ఎంఎం, లెన్స్ తెరుపు ఎఫ్ 5.6, షట్టర్ సెకనులో 1/15 వంతు, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా సున్నితత్వం) 6400. ముఖం పర్లేదు కానీ చెయ్యి మొత్తం అలికేసినట్టు వచ్చింది. నాకు కావాల్సిందే ఆ చెయ్యి.

ఫోటో 2: మెయిన్ బజార్‌లో గాజుల షాపు. లైట్లు బాగానే ఉన్నాయి కానీ గాజులన్నీ తెల్లగా మండిపోయాయి, అసలు రంగే లేదు.

ఫోటో 3: చార్మినార్, రాత్రి తొమ్మిది దాటాక. ఆకాశం నల్లగా, నిండా చుక్కలు చుక్కలుగా నాయిస్.

మా ఫ్రెండ్ డిఎస్ఎల్ఆర్‌ల పని అయిపోయింది, అమ్మేసి మిర్రర్‌లెస్‌కి (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరాకి) వెళ్లిపో అంటున్నాడు. ఇప్పుడైతే నా చేతిలో పదిహేను వేలు ఉన్నాయి. దీంతో ఒక లెన్స్ కొనుక్కోనా, లేక ఇంకొన్నాళ్లు దాచుకుని మొత్తం మార్చేయనా? కోఠి గుజరాతీ గల్లీలో సెకండ్ హ్యాండ్ 50 ఎంఎం 1.8డి ఒకటి చాలా తక్కువకి చూశాను, అది తీసుకోవచ్చా?

నిజాం_ఫ్రేమ్స్:
ముందు ఆ 50 1.8డి దగ్గర ఆగు బ్రో, డబ్బులివ్వకముందే ఇది చదువు. లెన్స్ మంచిదే, కానీ దానిలో ఫోకస్ మోటార్ ఉండదు, బాడీలో ఉన్న మోటార్ దాన్ని తిప్పాలి. డి3000, డి5000 సిరీస్ బాడీల్లో ఆ మోటార్ లేదు, డి7000 సిరీస్‌లో ఉంది. కాబట్టి నీ డి5600 మీద అది ఆటోఫోకస్ చెయ్యదు. వ్యూఫైండర్‌లో పచ్చ చుక్క వెలిగేదాకా చేత్తో రింగ్ తిప్పుకోవాలి, కదిలే చెయ్యి మీద, ఒక్క బల్బు కింద అది అయ్యే పని కాదు. నీకు కావాల్సింది ఏఎఫ్-ఎస్ అని రాసి ఉండేది, అంటే మోటార్ లెన్స్‌లోనే ఉండేది. పేరు చివర డి ఉంటే వద్దు, జి ఉంటే చూడు, జి ఉన్నా ముందు ఏఎఫ్-ఎస్ ఉందో లేదో మళ్లీ చూడు.

ఇక అసలు ప్రశ్న. నీ ఫోటో 1లో తప్పు బాడీది కాదు, వెలుగు చాలలేదంతే. 55 దగ్గర కిట్ లెన్స్ ఎఫ్ 5.6 కంటే తెరుచుకోదు, ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ తెరుచుకుంటుంది. ఎఫ్ 1.8 లెన్స్ పెడితే మూడు స్టాప్‌ల (ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు) పైనే దొరుకుతుంది, అంటే సుమారు పది రెట్లు వెలుగు. అదే గది, అదే బల్బు, షట్టర్ 1/15 నుంచి 1/125కి తీసుకెళ్లినా ఐఎస్ఓ 5000 దగ్గర ఆగుతుంది, చెయ్యి గడ్డకట్టినట్టు నిలబడుతుంది. చాలామంది కిట్ లెన్స్‌లో వీఆర్ ఉంది కదా అనుకుంటారు, వీఆర్ నీ చేతుల వణుకు ఆపుతుంది గానీ ఆ పెద్దాయన చెయ్యి కదలడం ఆపదు. నీ ఫోటోలో కుంపటి అంచు షార్ప్‌గా ఉంది చూడు, చెయ్యి మాత్రమే అలికింది, అదే సాక్ష్యం.

35 ఎంఎం 1.8జి డిఎక్స్ (నీ బాడీలో ఉన్న చిన్న సెన్సర్ కోసం చేసింది) కొనుక్కో. పదిహేను వేలలో సెకండ్ హ్యాండ్ హాయిగా వస్తుంది.

జడ్_మౌంట్:
నేను కొంచెం వేరే మాట చెప్తా, కోపగించుకోకండి. నేను డి5300 నుంచి నికాన్ మిర్రర్‌లెస్ జడ్50 మార్క్ 2కి మారాను, తేడా నిజంగా ఉంది. మనిషి కన్ను పట్టుకునే ఫోకస్, వ్యూఫైండర్‌లోనే ఎక్స్‌పోజర్ ఎలా ఉందో ముందే కనబడటం, రాత్రి తీసేవాళ్లకి ఇవి చిన్న విషయాలు కావు. ఫోటో 2లాంటిది తీసేటప్పుడు గాజులు మండిపోతున్నాయని నొక్కకముందే తెలిసిపోతుంది. నికాన్ కూడా 2018లో మిర్రర్‌లెస్ కెమెరాల కోసం జడ్ మౌంట్ (లెన్స్ తగిలించే అమరిక) తెచ్చాక దృష్టంతా అటే పెట్టింది, డి6 తర్వాత కొత్త డిఎస్ఎల్ఆర్ రాలేదు.

కానీ పదిహేను వేలే ఉన్నాయి, తీయాల్సిన సిరీస్ కళ్ల ముందు ఉంది అంటే మాత్రం నేనూ లెన్సే అంటా. జడ్50 మార్క్ 2లో కూడా బాడీలో స్టెబిలైజేషన్ (వణుకు ఆపే ఏర్పాటు) లేదు, దానికి కిట్ జూమ్ తగిలిస్తే ఇదే గదిలో మళ్లీ ఇదే గొడవ. ఏఎఫ్-ఎస్ లెన్స్ ఇప్పుడు కొంటే రేపు ఎఫ్‌టిజడ్ అడాప్టర్‌తో జడ్ బాడీ మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది, డబ్బు ఎక్కడికీ పోదు. పాత డి లెన్సులకి ఆ అడాప్టర్‌లో కూడా ఆటోఫోకస్ రాదు, అందుకే నిజాం అన్న చెప్పింది రెండు విధాలా కరెక్ట్.

నీడ_వెలుగు:
35 విషయంలో నిజాం గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నా కానీ షట్టర్ 1/125 వద్దు, 1/100 పెట్టుకో తమ్ముడూ. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చవక ఎల్ఈడీ బల్బు సెకనుకి వంద సార్లు వెలుగుతూ తగ్గుతూ ఉంటుంది. 1/100 కానీ 1/50 కానీ అయితే ప్రతి ఫ్రేమ్‌కీ పూర్తి చక్రం పడుతుంది, ఫోటోకీ ఫోటోకీ వెలుగు మారదు. 1/125, 1/200 అంటే కొన్ని ఫ్రేముల్లో అడ్డంగా ముదురు చారలు వస్తాయి, ఆ తర్వాత వాటిని ఎడిటింగ్‌లో సరిచేయడం నరకం. 1/100 దగ్గర నీ ఐఎస్ఓ ఎలాగూ 4000కి దిగుతుంది, అదీ లాభమే.

ఫోటో 2కి కొత్త లెన్స్ అక్కర్లేదు. కెమెరా వెలుగు కొలిచే మ్యాట్రిక్స్ మీటరింగ్ ఫ్రేమ్ మొత్తం చూసి, చుట్టూ ఉన్న చీకటిని కూడా లెక్కేసుకుని వెలుగు పెంచేస్తుంది, అప్పుడు లైటు కింద మెరిసే గాజులు తెల్లబడతాయి. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్కేసిన వెలుగుని పెంచే, తగ్గించే సెట్టింగ్) మైనస్ ఒకటి లేదా మైనస్ ఒకటిన్నర పెట్టి, రా ఫైల్‌లో (సెన్సర్ పట్టిన వివరాలన్నీ ఉంచే ఫైల్) తియ్యి. నీడలు తర్వాత పైకి లాగొచ్చు, మండిపోయిన రంగు మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. రా ఉంటే ఇంకో లాభం, లైట్‌రూమ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించే ఏఐ డీనాయిస్ ఐఎస్ఓ 6400 ఫైళ్లని కూడా శుభ్రంగా చేసి పెడుతుంది, జెపెగ్ మాత్రమే తీస్తే ఆ దారి మూసుకుపోతుంది.

నాదొక ఫోటో పెడుతున్నా చూడు, అదే బజార్, నా డి5500 మీద 35 1.8. ఎఫ్ 2.2, 1/100, ఐఎస్ఓ 3200. గాజు ఇంకా మెత్తగా ఉండగానే చిమటాతో ఒక్కో రాయి తీసి పెడుతున్నారు, లక్క మీద ఆ రాయి దిగిన చోట సన్నటి గుంట కూడా కనబడుతుంది. ఎఫ్ 1.8 వాడలేదు ఎందుకంటే మీటరు దూరం నుంచి తీస్తే షార్ప్‌గా ఉండేది ఓ ఆరు సెంటీమీటర్ల లోతే, వేలు దొరికితే గాజు పోతుంది. సింగిల్ పాయింట్ ఫోకస్ పెట్టి రాయి మీద పెట్టు, కెమెరాకి వదిలేస్తే అది దగ్గరున్న మోకాలు పట్టుకుంటుంది.

ఇంకో మాట, ఇది గేర్ కంటే ముఖ్యం. లోపలికి వెళ్లగానే కెమెరా ఎత్తొద్దు. కాసేపు నిలబడి, "భయ్యా, ఏక్ ఫోటో లేలూఁ?" అని అడిగి, వద్దంటే నవ్వుతూ వచ్చేయ్. గాజులు కొనుక్కోడానికి వచ్చిన ఆడవాళ్ల ముఖాలు ఫ్రేమ్‌లో వద్దు, వాళ్లు అడగకపోయినా వద్దు. తీశాక స్క్రీన్ మీద చూపించు, వాట్సాప్‌లో పంపించు. పంపితే నువ్వు రెండోసారి వెళ్లినప్పుడు వాళ్లే స్టూలు జరిపి చోటిస్తారు. నీది సిరీస్ కాబట్టి ఆ చోటే నీకు కావాలి.

చార్‌కమాన్_గల్లి:
తమ్మీ, నీ ఫోటో 3 గురించి ఎవ్వరు చెప్పలే, నేను చెప్త. మాది గుల్జార్ హౌజ్ దిక్కే. చార్మినార్‌ను తొమ్మిదింటికి తీస్తే ఆకాశం నల్లగనే ఉంటది, ఏ కెమెరా తెచ్చినా అంతే. పొద్దు గూకినంక పదిహేను నిమిషాల కాన్నుంచి అరగంట లోపట తియ్యాలె, అప్పుడు ఆకాశం నీలం రంగుల ఉంటది, కింద లైట్లు ఎలుగుతుంటయ్, రెండిటి ఎలుగు సమానంగ ఉంటది. రంజాన్ల ఇంకో మంచిగ ఏందంటే, ఇఫ్తార్ సైరన్ మోగంగనే బజార్ మొత్తం ఒక్కసారి కూసుంటది. దుకాణాల ముంగట గుడ్డ పరుస్కోని ఖర్జూరం చేతిల పట్టుకోని అందరు తింటుంటరు, రోడ్డు ఖాళీ, ఆకాశం నీలం. చార్మినార్ ముంగట మనుషులు అడ్డం లేకుంట దొరికేది ఆ పది నిమిషాలే. తినేటోళ్ల మూతుల మీదికి కెమెరా పెట్టకు, చార్మినార్ దిక్కు పెట్టుకో. నిలబడి చూస్తుంటే నీక్కూడ రెండు ఖర్జూరాలు ఇస్తరు, తీస్కో, వద్దనకు.

ఏడ నిలబడాలె అంటే రెండు జాగాలు. ఒకటి, గుల్జార్ హౌజ్ కాన్నుంచి దక్షిణం దిక్కు చూస్తే కమాన్ నడిమిట్ల చార్మినార్ పడ్తది, ఆ కమానే నీకు ఫ్రేమ్. రెండోది లాడ్ బజారే. అది చార్మినార్ నుంచి పడమర దిక్కు పోతది కద, గల్లీలకెళ్లి చార్మినార్ దిక్కు తిరిగితే పొద్దు నీ ఈపు ఎన్క ఉంటది, పొద్దు గూకే ముందల ఆ ఎర్ర ఎండ నేరుగ మినార్ల మీద పడ్తది. సైరన్‌కు గంట ముందల వస్తే ఒక్క సాయంత్రంల రెండు రకాలు దొరుకుతయ్.

ట్రైపాడ్ మాత్రం తేకు. చార్మినార్ ఆర్కియాలజీ వాళ్ల కట్టడం, లోపట పర్మిషన్ లేకుంట ట్రైపాడ్ పెట్టనియ్యరు, బయట రోడ్డు మీద ఆ జనంల కాళ్లకు తగుల్తది. గోడకు ఆనుకోని, మోచేతులు పక్కటెముకలకు ఆనిచ్చి తియ్యి, కదలని కట్టడానికి 1/15 కూడ నడుస్తది, వీఆర్ అక్కడ పనికొస్తది.

గల్లీ_క్లిక్స్:
ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్. చార్‌కమాన్ అన్నా, సైరన్ తర్వాత రోడ్డు ఖాళీ అవుతుందని నాకు తెలీదు, నేనెప్పుడూ జనం వచ్చాకే వస్తున్నా. ఒక డౌట్, 35 ఎందుకు 50 1.8జి ఎందుకు కాదు? అది కూడా ఏఎఫ్-ఎస్సే కదా, పోర్ట్రెయిట్లకి బాగుంటుందంటారు. సెకండ్ హ్యాండ్‌లో ఏం చూసుకోవాలో కూడా చెప్పండి.

నిజాం_ఫ్రేమ్స్:
సెన్సర్ చిన్నది కాబట్టి డిఎక్స్ బాడీ మీద 50 అంటే 75లాగా ఇరుకుగా కనబడుతుంది, ఆ సందుల్లో వెనక్కి జరగడానికి చోటెక్కడుంది, వీపు గోడకి తగిలాక కూడా పెద్దాయన సగమే పడతాడు. 35 అయితే 52 దగ్గరగా, గది కూడా వస్తుంది. ఇంకోటి, 50 1.8జి నలభై అయిదు సెంటీమీటర్ల కంటే దగ్గరికి ఫోకస్ అవ్వదు, 35 ముప్పై దాకా వెళ్తుంది. చెయ్యి, గాజు, రాయి తీయాలనుకునేవాడికి ఆ పదిహేను సెంటీమీటర్లే ప్రాణం.

సెకండ్ హ్యాండ్‌కి నీ బాడీ వెంట తీసుకెళ్లు, లేకుండా కొనకు. రెండు మూతలూ తీసి ఒక పక్క నుంచి ఫోన్ టార్చి వేసి రెండో పక్క నుంచి చూడు. సన్నటి దారాల్లా, సాలెగూడులా కనబడితే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దు. నాలుగు ధూళి రేణువులుంటే పట్టించుకోకు, ఫోటోలో కనబడవు. తర్వాత బాడీకి తగిలించి ఎఫ్ 1.8లో దగ్గర వస్తువు, దూరం వస్తువు మార్చి మార్చి ఫోకస్ చెయ్యి, మోటార్ గరగరమన్నా, ఒకచోట ఆగి వెతుక్కుంటున్నా వదిలెయ్. మౌంట్ మీద బంగారు రంగు కాంటాక్టులు శుభ్రంగా ఉండాలి. సీరియల్ నంబర్ పాత బిల్లుతో సరిపోతే ఇంకా మంచిది.

కొన్నాక వానాకాలంలో బీరువాలో బట్టల మధ్య పెట్టొద్దు. డ్రై క్యాబినెట్ ఉంటే తేమ 40-50 శాతం మధ్య పెట్టుకో, లేకపోతే గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్, దాన్ని అప్పుడప్పుడు వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు.

గల్లీ_క్లిక్స్:
35 తీసుకున్నా, టార్చి టెస్టు చేసే తీసుకున్నా, లెన్స్ అద్దం శుభ్రంగా ఉంది. నిన్న రాత్రి అదే గదికి వెళ్లా, పెద్దాయనకి పాత ఫోటో ప్రింట్ తీసుకెళ్లి ఇచ్చా, కొడుక్కి చూపించుకున్నాడు. ఎఫ్ 2.2, 1/100, ఐఎస్ఓ 5000, రా. చెయ్యి వచ్చింది! గోరు పక్కన అంటుకున్న లక్క కూడా కనబడుతోంది.

ఒకే ఒక్క సమస్య, బల్బు ఫ్రేమ్‌లో ఉన్న ప్రతి ఫోటోలో దానికి ఎదురు మూలలో ఒక పచ్చటి చుక్క వస్తోంది. లెన్స్ లోపల ఏమైనా ఉందా? ముందున్న ఓనర్ యూవీ ఫిల్టర్ కూడా ఇచ్చాడు, అది పెట్టే తీశా.

నీడ_వెలుగు:
చెయ్యి అద్భుతంగా వచ్చింది, కుంపటి ఎరుపు కింద నుంచి వేళ్ల మీద పడటం నాకు చాలా నచ్చింది. లెన్స్‌లో ఏం లేదు, ఆ చుక్క ఫిల్టర్‌ది అనుకుంటున్నా. బల్బు వెలుగు సెన్సర్ మీద నుంచి వెనక్కి కొట్టి, బల్లపరుపుగా ఉండే ఫిల్టర్ అద్దానికి తగిలి మళ్లీ లోపలికి వస్తుంది, అందుకే సరిగ్గా ఎదురు మూలలో పడుతుంది. రాత్రి తీసేటప్పుడు తీసేసి జేబులో వేసుకో, దాని బదులు హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) పెట్టు, గోడకి తగిలినా లెన్స్‌ని అదే కాపాడుతుంది. ఈ లెన్స్‌కి హెచ్‌బి-46 అనే హుడ్ వస్తుంది. కొత్త ఫిల్టర్ ఎప్పుడైనా కొంటే దీనిది 52 ఎంఎం, నీ కిట్ లెన్స్‌ది 55, రెండూ ఒకదానికొకటి పట్టవు, షాపులో సైజు చెప్పి అడుగు. ఫిల్టర్ లేకుండా తీసినవి కూడా ఇక్కడే పెట్టు, చూద్దాం.