పాత బెంజ్ బ్రేకు కాలిపర్లు (డిస్క్‌ను ప్యాడ్లతో పట్టే భాగం): సీల్ కిట్‌తో బాగు చేయించాలా, పక్కన పడేసి కొత్తవి వేయాలా?

పెన్నా గట్టు (నెల్లూరు):
బండి 1984 డబ్ల్యూ123 బెంజ్, 240డి. ముందు కుడి చక్రం పట్టేస్తోంది. కృష్ణపట్నం దాకా వెళ్లొస్తే ఆ ఒక్క రిమ్ము మీదే చెయ్యి పెట్టలేం. కాలిపర్ డస్ట్ బూటు (దుమ్ము పోకుండా ఉండే రబ్బరు తొడుగు) ఎత్తి చూస్తే లోపలి పిస్టన్ మీద క్రోమ్ లేచిపోయి తుప్పు గుంటలు పడ్డాయి. మేస్త్రీ కాలిపర్ల జత మార్చెయ్యమంటున్నాడు. ఒంగోలులో తెలిసిన లేత్ ఆయన స్టెయిన్‌లెస్ పిస్టన్లు తిప్పి ఇస్తానంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గ్రానైట్ డీజిల్ (చీమకుర్తి):
మేస్త్రీ మాట విను అన్నా. నలభై ఏళ్ల ఇనుము, దానికి తోడు మన ఉప్పు గాలి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ దిగుతుంటే పెడల్ కిందికి పోతే ఏం చేస్తావు? ఇంజన్ దగ్గర ఆదా చేసుకో, బ్రేకుల దగ్గర వద్దు.

లేత్ మనిషి (ఒంగోలు):
బాడీ పోత ఇనుము, దానికేమీ కాదు. చెడేది పిస్టన్, రబ్బరు. ఆ రెండూ మారిస్తే ఇంకో ఇరవై ఏళ్లు తిరుగుతుంది. ఊరూ పేరూ లేని కొత్త కాలిపర్ కంటే అసలు బాడీయే నయం. స్టెయిన్‌లెస్ అయితే తుప్పు గొడవే ఉండదు. బోర్‌లో, అంటే పిస్టన్ కూర్చునే రంధ్రంలో గీతలుంటే హోనింగ్ చేయిస్తే (లోపలి గోడ నునుపు చేయిస్తే) సరి.

పాతబండ్ల కావలి:
లేత్ అన్న బాడీ గురించి చెప్పింది నిజం, కానీ హోనింగ్ దాకా పోనక్కర్లేదు. డిస్క్ కాలిపర్‌లో సీల్ బోర్ గాడిలో కూర్చుని ఉంటుంది, దాని మీద జారేది పిస్టన్. అంటే ఆయిల్‌ను ఆపేది పిస్టన్ నునుపే. డ్రమ్ బ్రేకు వీల్ సిలిండర్‌లో ఇది తిరగబడుతుంది. అక్కడ రబ్బరు కప్పు (సీల్) పిస్టన్‌తో పాటు కదులుతుంది కాబట్టి బోరే ప్రాణం. అంబాసిడర్లు, పద్మినీలు విప్పీ విప్పీ మన మేస్త్రీల చూపు ముందు బోర్ మీదికే పోతుంది.

ఇంకో సంగతి. పెడల్ వదిలాక పిస్టన్‌ను వెనక్కి లాగే స్ప్రింగ్ ఏదీ లేదు. ఆ పని కూడా సీలే చేస్తుంది. నొక్కినప్పుడు కాస్త ఒరుగుతుంది, వదిలితే తిన్నగా అవుతూ పిస్టన్‌ను వెంట తెచ్చుకుంటుంది. గాడి అడుగున తుప్పు పేరుకుంటే సీల్ ముందుకు నెట్టుకొచ్చి పిస్టన్‌ను బిగించేస్తుంది. కొత్త కిట్ వేశాక కూడా పట్టేస్తోందని చాలామంది గోల పెట్టేది ఇందుకే. గాడి శుభ్రం చేయడం ఓపికతో చేసే పని, ఎమరీ పేపర్‌తో అంచులు అరగదీస్తే అంతే సంగతులు.

విప్పే ముందు ఒక పరీక్ష. చక్రం పట్టేసినప్పుడు జాకీ ఎత్తి బ్లీడర్ నిప్పల్ (కాలిపర్ మీద ఆయిల్ బయటికి వదిలే మర) వదులు చెయ్యి. చక్రం చటుక్కున వదిలితే తప్పు కాలిపర్‌ది కాదు, పైన ప్రెషర్ ఆగిపోయింది. ముందుగా అనుమానించాల్సింది రబ్బరు హోస్‌ని. పాత హోస్ లోపల ఉబ్బి పూడుకుపోతుంది, పైకి మాత్రం కొత్త పెళ్లికొడుకులా ఉంటుంది.

పెన్నా గట్టు:
నిప్పల్ వదులు చేశాను. ఆయిల్ టీ డికాషన్ రంగులో కారింది, చక్రం మాత్రం వదల్లేదు.

పాతబండ్ల కావలి:
అయితే కాలిపరే. అయినా రెండు హోసులూ మార్చు. ఆయిల్ రంగు చూస్తే ఎన్నాళ్లుగా మార్చలేదో! బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, తుప్పుకు మూలం అదే. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 155 కే మరగొచ్చు. డీజిల్ తమ్ముడు చెప్పే ఘాట్ భయానికి సగం కారణం ఇక్కడుంది, కొత్త కాలిపర్‌లో పాత ఆయిల్ పోసినా పెడల్ మెత్తబడుతుంది.

లేత్ పిస్టన్ మాత్రం నేను వేయను. అన్నా, కోపం తెచ్చుకోవద్దు. బాడీ మీద ఏటీఈ (బ్రేకులు చేసే కంపెనీ) అని ఉంటే దాని పిస్టన్ ముఖం ఒక పక్క మెట్టులా కోసి ఉంటుంది, బ్రేకు కీచుమనకుండా. ఆ మెట్టు ఏ వైపు తిరిగి ఉందో విప్పే ముందే గుర్తు పెట్టుకోవాలి. గుండ్రంగా తిప్పిన పిస్టన్‌లో అది ఉండదు. ఏటీఈ పిస్టన్లు విడిగా దొరుకుతుంటే ప్రయోగాలెందుకు?

లేత్ మనిషి:
మెట్టు మిల్లింగ్‌లో తీయొచ్చు, అదేం బ్రహ్మవిద్య కాదు. తెప్పించుకునే ఓపిక ఉంటే తెప్పించుకోండి, కాదనను. పిస్టన్ తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఎదురెదురుగా రెండున్నాయి, కంప్రెసర్ గాలి కొడితే వదులుగా ఉన్నది తూటాలా వస్తుంది, పట్టేసింది అలాగే ఉంటుంది. మధ్యలో చెక్క పెట్టి బండి మీదే ఉంచి, పెడల్ నొక్కుతూ మెల్లగా బయటికి రప్పించండి. కడగడానికి పెట్రోల్, డీజిల్ వద్దు, సీళ్లు ఉబ్బిపోతాయి. కొత్త బ్రేక్ ఆయిలే వాడండి.

గ్రానైట్ డీజిల్:
ఇంత చదివాక కూడా నా మాట నాదే. ఇంత ఓపికగా గాడి గీకే మేస్త్రీ నెల్లూరులో దొరికితే బాగు చేయించు అన్నా. దొరక్కపోతే కొత్తవి వేయించు, ఎడమ వైపుది కూడా కలిపి. ఒక పక్కే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

పెన్నా గట్టు:
గాడి నేనే గీక్కుంటా. బాడీ మీద ఏటీఈ అనే ఉంది. రెండు వైపులకూ పిస్టన్లు, కిట్లు, హోసులు ఆర్డర్ పెడుతున్నా.