లైప్‌జిగ్ గూటెన్‌బర్గ్ బైబిళ్లు మాస్కోలోనే ఉండాలా?

తాళపత్రం:
1450ల మధ్యలో మైంజ్ నగరంలో, ఐరోపా అచ్చు విద్యకు ఆద్యుడైన గూటెన్‌బర్గ్ అచ్చువేసిన 42 వరుసల బైబిలు ప్రతులు ఇవాళ ప్రపంచం మొత్తమ్మీద 49 మాత్రమే మిగిలాయి. వాటిలో రెండు మాస్కోలో ఉన్నాయి. ఆ రెండూ 1945లో జర్మనీలోని లైప్‌జిగ్ సంస్థల నుంచి సోవియట్ అధికారులు తరలించుకుపోయినవే. ఒకటి లైప్‌జిగ్ విశ్వవిద్యాలయానిది. ఇప్పుడు మాస్కో విశ్వవిద్యాలయంలో ఉంది. చర్మపత్రాల మీద అచ్చయిన రెండోది లైప్‌జిగ్‌లోని పుస్తక మ్యూజియానిది. దర్జీపని గురించి పుస్తకాలు ప్రచురించి సంపాదించిన హైన్రిక్ క్లెమ్ అనే ఆసామి సేకరణను 19వ శతాబ్దిలో సాక్సనీ ప్రభుత్వం కొన్నప్పుడు దానితోపాటు వచ్చింది. ఇప్పుడది పూర్వం లెనిన్ లైబ్రరీగా పేరుపడ్డ రష్యా ప్రభుత్వ గ్రంథాలయంలో ఉంది. యుద్ధ ఫలితంగా తమ దేశానికి చేరిన సాంస్కృతిక సంపదను తమ ప్రభుత్వ ఆస్తిగా ప్రకటిస్తూ రష్యా 1998లో చట్టం చేసింది. జర్మనీ దాన్ని ఒప్పుకోలేదు. తిరిగి ఇవ్వడమే న్యాయమని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలతో రాయవలసిందిగా మనవి.

గోదావరి గట్టు:
తాళపత్రం గారూ, మీ లెక్క 1945లో మొదలైంది. 1941లో మొదలుపెట్టి చూడండి. జర్మన్ సైన్యం తమ దేశంలో 43,000 గ్రంథాలయాలను నాశనం చేసిందని సోవియట్ ప్రభుత్వం లెక్క చెప్పింది. అందులో అతిశయం ఉందనుకుని సగానికి సగం కొట్టేసినా, కాలిపోయిన పుస్తకాలను ఎవరు తెచ్చి ఇవ్వగలరు? లెనిన్‌గ్రాద్ (నేటి సెయింట్ పీటర్స్‌బర్గ్) ముట్టడిలో జనం ఆకలితో చనిపోతున్న రోజుల్లో కూడా అక్కడి ప్రజా గ్రంథాలయం తలుపులు మూయలేదు. అలాంటి జాతి, పోయిన దానికి బదులుగా రెండు బైబిళ్లు ఉంచుకుంటే దాన్ని దోపిడీ అనడం నాకు మింగుడుపడదు. పైగా తిరిగి ఇచ్చిన వాటి గతి ఏమైందో చరిత్రలో ఉంది. 1794లో పోలండ్ రాజధాని వార్సాను ఓడించాక రష్యా రాణి కేథరిన్ అక్కడి సుమారు 4 లక్షల సంపుటాల జాలుస్కీ గ్రంథాలయాన్ని పీటర్స్‌బర్గ్‌కు తరలించింది. పోలండ్‌తో చేసుకున్న 1921 రీగా ఒప్పందం తరువాత సోవియట్లు అందులో వేలాది సంపుటాలను పోలండ్‌కు ఇచ్చేశారు. 1944లో జర్మన్లు వార్సాలో వాటిలో చాలావాటిని తగలబెట్టారు. పీటర్స్‌బర్గ్‌లో ఉండిపోయినవి బతికాయి.

చట్టం చుట్టం:
మీరు చెప్పిన ఉదాహరణ మీ వాదానికే అడ్డం తిరుగుతోంది. పుస్తకాలను కాల్చింది వాటిని తిరిగి అందుకున్న పోలండ్ కాదు, దాని మీద దండెత్తిన మూడో దేశం. యుద్ధంలో పట్టుకొచ్చిన గ్రంథాలయాన్ని యజమానికి అప్పగించాలన్న సూత్రానికి మాస్కో 1921లోనే తలొగ్గిందని కూడా అదే ఉదాహరణ చెబుతోంది.

ఇక చట్టం సంగతి. యుద్ధ నియమాలను నిర్ణయించిన 1907 హేగ్ ఒడంబడిక 56వ అధికరణం ప్రకారం మత, విద్యా, కళా సంస్థల ఆస్తి ప్రభుత్వానిదైనా సరే, దాన్ని ప్రైవేటు ఆస్తిగానే చూడాలి, జప్తు చేయకూడదు. జర్మనీ దాన్ని పట్టపగలు తుంగలో తొక్కిన మాట నిజమే గాని, ఒకరు ఉల్లంఘించారని రెండోవారికి హక్కు పుట్టదు. 1990లో జర్మనీ, సోవియట్ యూనియన్ చేసుకున్న ఒప్పందంలో కూడా, అక్రమంగా తరలిపోయిన కళాసంపదను యజమానులకు అప్పగించాలని ఉంది. 1998 చట్టంలోనే మతసంస్థల ఆస్తికి మినహాయింపు ఉంది కాబట్టి, హిట్లర్ పక్షాన పోరాడిన హంగేరీకి సైతం 2006లో షారోష్‌పతక్ ప్రొటెస్టెంట్ కళాశాల పాత పుస్తకాలు రష్యాలోని నీజ్నీ నోవ్‌గొరోద్ నుంచి తిరిగి వెళ్లాయి. చర్చి కళాశాలకు దక్కినది విశ్వవిద్యాలయానికి ఎందుకు దక్కకూడదు?

గోదావరి గట్టు:
ఎందుకంటే ఆ చట్టం ఉద్దేశమే నష్టపరిహారం. నాజీ రాజ్యం నుంచి తీసుకున్నదానికీ, చర్చి నుంచి తీసుకున్నదానికీ తేడా చూపింది. 1999లో రష్యా రాజ్యాంగ న్యాయస్థానం కూడా ఈ మూలసూత్రాన్ని నిలబెట్టింది. అమరావతి శిల్పాలు లండన్ నుంచి రావాలని కోరే మనం ఇక్కడ ఇలా మాట్లాడవచ్చా అని ఎవరో ఒకరు అడుగుతారు కనుక ముందే చెబుతున్నాను: బ్రిటన్ మీద మనం దండెత్తి వెళ్లలేదు.

విశ్రాంత గ్రంథపాలకుడు:
మిత్రులందరూ రెండు బైబిళ్ల దగ్గరే ఆగిపోయారు. 1945 తరువాత సోవియట్ దేశానికి చేరిన పుస్తకాలు లక్షల్లో ఉన్నాయి. వాటిలో కొన్ని మాస్కో శివార్లలోని ఉజ్కొయే చర్చిలో గుట్టలుగా పడి, పావురాల రెట్టల కింద చివికిపోతున్నాయని 1990లో లితెరతూర్నయా గజేత పత్రిక బయటపెట్టేదాకా అవి ఉన్నాయన్న సంగతి కూడా లోకానికి సరిగా తెలియదు. నష్టపరిహారంగా తెచ్చుకున్నవాటిని చూసుకునే తీరు ఇదేనా? అలాగని అందరినీ ఒకే గాటన కట్టలేము. మాస్కో విదేశీ సాహిత్య గ్రంథాలయాన్ని స్థాపించిన మార్గరీతా రుదోమినో 1945లో సైనిక హోదాలో జర్మనీ వెళ్లి పుస్తకాల సేకరణలో పనిచేశారు. అదే గ్రంథాలయం 1992లో నెదర్లాండ్స్‌కు చెందిన 600కు పైగా పుస్తకాలను తిరిగి పంపింది. అది సాధ్యపడింది ఏ పుస్తకం మీద ఎవరి ముద్ర ఉందో సిబ్బంది కూర్చుని చూసి, జాబితా రాసినందువల్ల. పాత ముద్ర, పుస్తకపు లోపలి అట్ట మీద యజమాని చీటీ, పాత వరుస సంఖ్య, ఈ మూడింటినీ సూచికలో నమోదు చేసి అందరికీ చూపమని ముందు అడగాలి. ఎవరిదో తేలాక ఇవ్వాలా వద్దా అని వాదించుకోవచ్చు.

తాళపత్రం:
అయ్యా, మామూలు పుస్తకాల విషయంలో మీ మాట శిరోధార్యం. కానీ జాబితాలు తయారయ్యేదాకా ఆగుదామనడం ఈ రెండు ప్రతులకు వర్తించదు. వాటి యజమానులెవరో మొదటినుంచీ తెలుసు. జాగ్రత్త గురించి కూడా ఒక మాట ఉంది. మాస్కో విశ్వవిద్యాలయం ప్రతిని దొంగిలించి అమ్మజూపినందుకు రష్యా ప్రభుత్వ భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌బీ అధికారికి 2014లో అక్కడి కోర్టే జైలు శిక్ష వేసింది. మాస్కోలో ఉంటేనే భద్రమన్న వాదాన్ని గోదావరి గట్టు గారు ఈ సంగతి పక్కన పెట్టుకుని మళ్లీ వినిపించగలరా?