సి.ఆర్. రావు గారి సైటేషన్లు: పోస్టర్ మీద ఏ అంకె వేయాలి?

లైబ్రరీ అక్క, విశాఖ

మాది డిగ్రీ కాలేజీ. జూన్ 29న స్టాటిస్టిక్స్ డేకి లైబ్రరీ గోడ మీద స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు (సి.ఆర్. రావు) గారి పోస్టర్ పెడుతున్నాం. ఆయన మన ఆంధ్రా యూనివర్సిటీలోనే లెక్కల్లో ఎమ్మే చేశారని పిల్లలకు తెలియాలని నా ఆరాటం. ప్రిన్సిపాల్ గారేమో "పేపర్లెన్ని, సైటేషన్లెన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత, మూడూ పెద్దక్షరాల్లో వేయించండి" అన్నారు. సైటేషన్లంటే వేరేవాళ్ళ పేపర్లు ఆయన పేపర్లను ఎన్నిసార్లు ఉదహరించాయో ఆ లెక్క. నిన్న సాయంత్రం కూర్చుని వెతికితే మూడు సైట్లలో మూడు లెక్కలు. ఒక జాబితాలో కిందికి వెళ్ళేసరికి పంటి చికిత్స మీద పేపరు కూడా ఉంది! శుక్రవారంలోపు ప్రింటింగుకి ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. ఏ అంకె వేయమంటారు?

పాత మాస్టారు

అమ్మా, ఆ పంటి పేపరు అక్కడికి చేరింది పేరు వల్లే. మనకు ఇంటిపేరు ముందుంటుంది. ఆయన ఇంటిపేరు కల్యంపూడి. డేటాబేసులు చివరి మాటే ఇంటిపేరనుకుని "రావు, సి.ఆర్." అని రాసుకున్నాయి. ఆ పొడి అక్షరాలున్న రావులు మన దేశంలో ఎంతమందో!

హెచ్-ఇండెక్స్ వేయొద్దు. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన కొలత అది. కనీసం 50 సైటేషన్ల చొప్పున ఉన్న పేపర్లు 50 ఉంటే హెచ్ 50. అందులో వేలసార్లు ఉదహరించిన పేపరైనా ఒక్కటిగానే లెక్క. రావు గారి గొప్పతనమంతా అలాంటి కొద్ది పేపర్లలోనే ఉంది.

1945 పేపరు చూడండి. కలకత్తా మేథమేటికల్ సొసైటీ బులెటిన్‌లో 81 నుంచి 91 దాకా, పదకొండే పేజీలు. అప్పటికి ఆయనకు ఇంచుమించు పాతికేళ్ళు. పెద్ద శాంపిల్‌కి ఫిషర్ అనే స్టాటిస్టీషియన్ చెప్పిన ఫలితం చిన్న శాంపిల్‌కీ వర్తిస్తుందా అని ఆయన క్లాసులో దండేకర్ అనే విద్యార్థి అడిగితే, దాని మీద కూర్చుని తేల్చారు. అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో చెప్పే క్రామెర్-రావు హద్దు, ఉన్న అంచనాను మెరుగుపరిచే రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం, సంభావ్యతలను జామెట్రీతో చూసే ఇన్ఫర్మేషన్ జామెట్రీకి పునాది, మూడూ అందులోవే. 2023లో, 102 ఏళ్ళ వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ వచ్చినప్పుడు చెప్పుకున్నదీ ఈ పేపరునే.

రాడార్ పని

హైదరాబాద్‌లో సిగ్నల్ ప్రాసెసింగ్ చేస్తాను. వస్తువు దూరం ఎంత కచ్చితంగా చెప్పగలమో లెక్కగట్టాలంటే మేం మొదట వేసేది సీఆర్ఎల్‌బీ, అంటే క్రామెర్-రావు హద్దే. పక్షపాతం లేని (సగటున ఒక వైపుకు ఒరగని) ఏ అంచనాకైనా వేరియన్స్, అంటే ఊగిసలాట, దాని కిందికి దిగలేదు. నా రిపోర్టుల్లో ప్రతి గ్రాఫులోనూ ఆ గీత ఉంటుంది. ఇన్నేళ్ళలో 1945 పేపరును నేను ఒక్కసారీ ఉదహరించలేదు, ఏదో పాఠ్యపుస్తకం పేరు రాసి వదిలేశాను. ఈ ప్రశ్న చదివాక బాధగా అనిపించింది. ఇలాంటి వాడకం ఏ సైట్ లెక్కలోకీ రాదు మేడమ్.

గడ్డిమైదానం

మా ఎకాలజీ వాళ్ళకు రావు గారంటే 1982 పేపరు. థియరెటికల్ పాపులేషన్ బయాలజీ అనే జర్నల్లో వచ్చింది. మీటరు చట్రం నేల మీద పరిచి అందులోని గడ్డిజాతులన్నీ ఏరతాం. తుంగ ఎంత, గరిక ఎంత, ఒక్కోదాని ఆకు మందం ఎంత అని రాసుకుంటాం. ఆ చట్రంలోంచి కళ్ళు మూసుకుని రెండు మొక్కలు తీస్తే, సగటున అవి ఒకదానికొకటి ఎంత వేరుగా ఉంటాయి? ఆ అంకెనే మేం "రావుస్ క్యూ" అంటాం. రెండు చట్రాల్లో పదేసి జాతులే ఉన్నా, ఒకదాంట్లో అన్నీ ఒకేలాంటి సన్నాకులైతే క్యూ పడిపోతుంది. పేపరు వచ్చిన రెండు దశాబ్దాలకు గానీ మా వాళ్ళు దీన్ని విరివిగా అందుకోలేదు.

ఇంకో మాట. మా రంగంలో పేపరు చివర రిఫరెన్సులు బారెడు ఉంటాయి, లెక్కల వాళ్ళవి పొట్టివి. అందుకని ఈ పేపరు సైటేషన్లనూ 1945 నాటి వాటినీ కలిపి ఒకే మొత్తంగా వేయకండి.

పాత మాస్టారు

1948 నాటి స్కోర్ టెస్ట్ కూడా పెట్టమ్మా, ఒక ఊహ డేటాకు సరిపోతుందో లేదో చూసే పరీక్ష అది. ఎకనామిక్స్ వాళ్ళు లాగ్రాంజ్ మల్టిప్లయర్ టెస్ట్ అని వాడేది దాన్నే. ఆ పేరుతో వెతికేవాళ్ళకు రావు గారు కనిపించరు.

లైబ్రరీ అక్క, విశాఖ

ప్రిన్సిపాల్ గారికి ఈ జవాబులన్నీ చదివి వినిపించాను, ఒప్పుకున్నారు. మొత్తాలు తీసేశాను. 1945, 1948, 1982 మూడు గళ్ళు, ఒక్కోదాని కింద ఇప్పుడు దాన్ని ఎవరు ఏ పనికి వాడుతున్నారో రెండేసి వాక్యాలు. పైన ఆయన పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా వేయిస్తున్నాను. గడ్డిమైదానం గారూ, మీ చట్రం ఫొటో ఒకటి గురువారంలోగా పంపగలరా? 1982 గడిలో పెట్టడానికి చోటు ఉంచాను.