రోజుకి 1% షీట్ నింపలేక చస్తున్నాం, స్పోర్ట్స్ పాఠాలు ఆఫీసులో నిజంగా పనికొస్తాయా?

టికెట్ల మేస్త్రి:
నేను ఒక సపోర్ట్ టీమ్‌కి లీడ్‌ని, 9 మందిమి ఉంటాం. మా మేనేజర్ గారు ఈమధ్య బ్రిటిష్ సైక్లింగ్ టీమ్ కథ ఎక్కడో విన్నారు, డేవ్ బ్రెయిల్స్‌ఫర్డ్ అనే ఆయన ప్రతి చిన్న విషయంలో 1% బాగుచేసుకుంటూ పోయాడని, 2008 బీజింగ్‌లో ఒక్క సైక్లింగ్‌లోనే 8 గోల్డ్‌లు, మళ్ళీ 2012 లండన్‌లో 8 అని. ఇంకేముంది, షీట్ ఒకటి పెట్టేశారు, సాయంత్రం వెళ్ళేముందు అందరూ "ఈరోజు నేను మెరుగుపరిచిన 1%" అనే కాలమ్ నింపాలి. మొదటి వారం జనం సిన్సియర్‌గానే రాశారు. ఇప్పుడు చూస్తే "మెయిల్ సబ్జెక్ట్ లైన్ చిన్నది చేశాను", "డెస్క్‌టాప్ ఐకాన్లు సర్దాను", ఒకడైతే నిన్నటిది కాపీ కొట్టి తేదీ మార్చాడు, నేనూ ఏమీ అనలేకపోయా ఎందుకంటే మొన్న నేనూ అదే పని చేశా. టికెట్లు, అంటే కస్టమర్ల కంప్లైంట్లు మాత్రం ఎక్కడివక్కడే, అదే కస్టమర్ అదే కంప్లైంట్‌తో మూడోసారి ఫోన్. పైగా రోజుకి 1% చొప్పున ఏడాదికి 37 రెట్లు అవుతామని స్లైడ్ కూడా వేశారు. ఈ ఆటల పాఠాలు మనలాంటి పనికి అసలు అతుకుతాయా?

పాత గేరు:
ఆ 37 రెట్ల లెక్క పక్కన పడేయండి, ఆ టీమ్‌లో ఎవడూ 37 రెట్లు స్పీడుగా తొక్కలేదు 😀 వాళ్ళది ఒకే మనిషి రోజూ 1% పెరగడం కాదు, వంద చోట్ల తలా కొంచెం దొరకబుచ్చుకోవడం. రైడర్లకి చేతులు సరిగ్గా కడుక్కోవడం నేర్పారు జలుబు చేసి ట్రైనింగ్ పోకుండా, పరుపులూ దిండ్లూ హోటళ్ళకి మోసుకెళ్ళారు నిద్ర చెడకుండా. కానీ అంతకుముందే 1997 నుంచి బ్రిటన్ నేషనల్ లాటరీ డబ్బు వస్తోంది, ఫుల్‌టైమ్ రైడర్లు, కోచ్‌లు ఉన్నారు, అంటే పునాది పడ్డాకే దిండ్ల సంగతి. మీ దగ్గర కస్టమర్ మూడోసారి ఫోన్ చేస్తున్నాడంటే ఇంకా పునాదిలోనే నీళ్ళు ఊరుతున్నాయి. ఇంకోటి, ట్రాక్ మీద టైమ్ సెకనులో వెయ్యో వంతు వరకు కొలుస్తారు, చక్రం మారిస్తే లాభమో నష్టమో తెలిసిపోతుంది. మీ షీట్‌లో ఐకాన్లు సర్దితే ఏం తగ్గిందో ఎవరు చూశారు? అన్నట్టు ఆ కథలో సెకండాఫ్ ఎవరూ చెప్పరు, అదే బ్రెయిల్స్‌ఫర్డ్ నడిపిన టీమ్ స్కై అనే సైక్లింగ్ టీమ్ మందుల విషయంలో నైతికంగా గీత దాటిందని 2018లో బ్రిటన్ పార్లమెంట్ కమిటీ రిపోర్ట్ ఇచ్చింది, టీమ్ ఒప్పుకోలేదనుకోండి.

నైట్ షిఫ్ట్ మనిషి:
నేనైతే పనికొస్తాయనే అంటా, కాకపోతే స్లోగన్ కాదు, పని జరిగే పద్ధతి అరువు తెచ్చుకోవాలి. లండన్‌లో గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ అని పిల్లల ఆసుపత్రి, అక్కడ గుండె ఆపరేషన్ అయిన పిల్లల్ని థియేటర్ నుంచి ఐసీయూకి మార్చేటప్పుడు గందరగోళంగా ఉండేది. ఇద్దరు డాక్టర్లు టీవీలో ఫార్ములా వన్ కార్ రేస్ చూస్తుంటే పిట్ స్టాప్ (రేస్ మధ్యలో కారు ఆపి టైర్లు మార్చడం) కనపడి తట్టింది, వెళ్ళి ఫెరారీ రేస్ టీమ్ వాళ్ళని కలిశారు. వాళ్ళు తేల్చింది ఏంటంటే మీ దగ్గర ఎవరు లీడో తెలీదు, అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు అని. అప్పట్లో పిట్‌లో కారు ఎప్పుడు కదలాలో చెప్పే లాలీపాప్ బోర్డు పట్టుకునే మనిషిలాగా ఇక్కడ మత్తు డాక్టర్‌కి కంట్రోల్ ఇచ్చారు, ముందు మెషీన్లూ ట్యూబులూ మార్చేయాలి, అది అయ్యాకే మాటలు. తప్పులు తగ్గాయని 2007లో పేపర్ కూడా వేశారు.
మా షిఫ్ట్ హ్యాండోవర్‌కి ఇదే పెట్టుకున్నాం. ఇదివరకు ఆరుగురం నిలబడి, ఒకడు బ్యాగ్ సర్దుకుంటూ ఒకడు ఫోన్ మాట్లాడుతూ "ఆ సర్వర్ సంగతి చూస్కో" అనేసి పోయేవాడు, ఏ సర్వరో రాత్రి రెండింటికి తెలిసేది. ఇప్పుడు ఒక్కడే చదువుతాడు, ఓపెన్‌లో ఉన్నవి ముందు, తీసుకునేవాడు తిరిగి చెప్పాలి, చెప్పేదాకా పాత షిఫ్ట్ కుర్చీ వదలకూడదు. షీటూ లేదు, పర్సెంటూ లేదు.

పన్నెండో ఆటగాడు:
క్రికెట్ రాలేదేంటా అని చూస్తున్నా. 2020 డిసెంబర్ అడిలైడ్, 36 ఆలౌట్, గుర్తుంది కదా. కోహ్లీ ఇంటికెళ్ళిపోయాడు, షమీకి చెయ్యి విరిగింది. అందరూ ఇంకో బ్యాట్స్‌మన్‌ని దింపుతారనుకుంటే కోహ్లీ ప్లేస్‌లో జడేజాని వేశారు, అంటే 36కి అవుటైన టీమ్ బౌలింగ్ పెంచుకుంది! గిల్, సిరాజ్‌కి డెబ్యూ ఇచ్చారు. మెల్‌బోర్న్‌లో రహానే 112 కొట్టి 8 వికెట్లతో గెలిచాం, చివరికి 1988 నుంచి ఆస్ట్రేలియా టెస్ట్ ఓడని బ్రిస్బేన్‌లో గెలిచి సిరీస్ 2-1. ఆ 36 రోజు ఎడ్జ్ తగిలిన ప్రతి బాలూ చేతుల్లోకే వెళ్ళింది, దాన్ని చూసి బ్యాటింగ్ అంతా తిరగరాసి ఉంటే ఏమయ్యేదో. మన ఆఫీసుల్లో ఒక్క సాఫ్ట్‌వేర్ రిలీజ్ చెడితే చాలు ఇంకో రెండు అప్రూవల్స్ తగిలిస్తారు, చెడింది పద్ధతా లేక ఆ రోజా అని చూసేవాడే ఉండడు. మేస్త్రి గారూ, ఆ మూడోసారి ఫోన్ చేసిన కస్టమర్ సంగతి ముందు తవ్వండి.

టికెట్ల మేస్త్రి:
తవ్వాను అండి. మొదటి రెండుసార్లూ టికెట్ క్లోజ్ చేసింది వేరే వేరే షిఫ్ట్ వాళ్ళు, రెండోవాడికి మొదటి టికెట్ ఉన్నట్టే తెలీదు. నైట్ షిఫ్ట్ గారూ, మీ వాళ్ళు "తిరిగి చెప్పడం" అన్నప్పుడు సీనియర్లు ఫీల్ అవ్వలేదా? మావాడు ఒకడు ఇదేమన్నా ఒకటో క్లాసా అంటున్నాడు.

నైట్ షిఫ్ట్ మనిషి:
అయ్యారు. అందుకే మొదటి వారం జూనియర్‌తో చదివించి తిరిగి చెప్పేది నేనే చెప్పా.